పూజగదిలో మోడెం

2022 జూన్‌లో నన్ను అంబత్తూరు నుంచి ఉత్తర చెన్నైకి బదిలీ చేశారు. అంబత్తూరు పారిశ్రామికవాడలో కర్మాగారాలకు ఇంటర్నెట్ లైన్లు వేయించే పని చాలా ఏళ్లు చూశాను. ఉత్తర చెన్నైలో నాకు ఇచ్చింది ఇళ్ల విభాగం. హోదా మాత్రం మారలేదు, సీనియర్ ఫీల్డ్ సూపర్‌వైజరే. ఈ బదిలీ ఎందుకు జరిగిందని రాతపూర్వకంగా అడిగాను. ‘సంస్థ అవసరాల దృష్ట్యా’ అని జవాబు వచ్చింది. ఏ అవసరాలని మళ్లీ అడిగాను. దానికి జవాబు లేదు. పదవీ విరమణ రోజున శాలువా కప్పుతున్నప్పుడు కూడా అడిగాను. చప్పట్లు కొట్టారు.

మాది ఒక ప్రైవేటు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ. పేరు ఇక్కడ అనవసరం. ఇంటికి వెళ్లి తీగ లాగి, మోడెం పెట్టి, లాగిన్ చేయించి వచ్చేవాడు టెక్నీషియన్. కొందరు టెక్నీషియన్ల మీద ఒక ఫీల్డ్ సూపర్‌వైజర్. ఆ పైన షోళింగనల్లూరు ఆఫీసులో ఆపరేషన్స్ మేనేజర్. అప్పట్లో ఆ కుర్చీలో ప్రణీత్ అనే హైదరాబాదు అబ్బాయి ఉండేవాడు. తెలివైనవాడే. కానీ మొదటి సమావేశంలోనే అందరి ముందు నన్ను ‘అంకుల్’ అన్నాడు. మా సంస్థలో అలాంటి హోదా లేదని అక్కడికక్కడే చెప్పాను. “సారీ అంకుల్” అన్నాడు.

నేను చెప్పబోయేది ఆ ఏడాది వానాకాలానికి ముందు, షావుకారుపేటలో ఒక ఇంటికి ఇచ్చిన కనెక్షన్ సంగతి.

అది పసుపు, ఎండుమిరపకాయల టోకు వ్యాపారి ఇల్లు. కింద కొట్టూ గిడ్డంగీ, పైన కాపురం. తరాలుగా చెన్నైలో ఉన్న తెలుగువాళ్లు. కనెక్షన్ కావలసింది ఆ ఇంటి కోడలు భార్గవికి. తెనాలి అమ్మాయి. షోళింగనల్లూరులో ఐటీ ఉద్యోగం. ఒళ్లో చంటిబిడ్డ ఉన్నందున ఇంటి నుంచి పని చేయడానికి ఆమె కంపెనీ ఒప్పుకుంది, ఒక షరతు మీద. లైను తెగుతూ ఉంటే రోజూ ఆఫీసుకు రావాలి. షావుకారుపేట నుంచి షోళింగనల్లూరుకు రోజూ వెళ్లి రావడమంటే నగరం ఈ కొస నుంచి ఆ కొసకు. చంటిబిడ్డ తల్లికి అయ్యే పని కాదు. లైను పోతే ఉద్యోగం పోయినట్టే.

“సార్, నాకు స్పీడ్ ఎక్కువ అక్కర్లేదండి. మధ్యలో ఆగకుండా ఉంటే చాలండి” అంది మొదటి రోజున.

ఆగకుండా ఇవ్వడం మాకు కష్టమైన పని కాదు. ఇప్పటి లైన్లలో రాగి ఉండదు. వెంట్రుక కంటే సన్నని గాజు తీగలో కాంతి రూపంలో సమాచారం వస్తుంది. వీధి స్తంభం నుంచి వచ్చిన తీగ ఇంటి గోడ మీద ఒక చిన్న పెట్టెలో ఆగుతుంది. ఆ పెట్టె నుంచి మోడెంకు మరో తీగ. దాన్ని ప్యాచ్‌కార్డ్ అంటాం. దాని చివర ఆకుపచ్చ తలకాయ, ఆ తలకాయలో తెల్లని కొన, ఆ కొన మధ్యలో గాజు. మోడెం వెలిగాక యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఒక్కసారి అందులో ఎక్కిస్తే లాగిన్ అయినట్టు. ఆ తర్వాత మోడెం తనంతట తానే లాగిన్ అవుతుంది.

చిక్కు వచ్చింది మోడెం పెట్టే చోటు దగ్గర. పాతకాలపు ఇల్లు, మందపాటి గోడలు. హాల్లో పెడితే భార్గవి పని చేసుకునే గదికి సిగ్నల్ అందడం లేదు. గోడకు రంధ్రం వేయడానికి మామగారు ఒప్పుకోలేదు. ఆ గదిని ఆనుకొని పూజగది ఉంది. రెండింటికీ మధ్య గోడలో పైన గాలి కోసం వదిలిన కంత ఉంది. పూజగదిలో మోడెం పెడితే ఆ కంతలోంచి సిగ్నల్ దివ్యంగా వస్తుందని మా టెక్నీషియన్ సెల్వం తేల్చాడు. అతను తేల్చింది సరైనదే. లోపలికి అడుగు వేయబోయాడు.

“ఆడనే నిలబడు నాయనా!” అంది అత్తగారు ఆండాళమ్మ. “తానం చేయకుండా ఈ గడప దాటేది లేదు. ఏం చేయాలో ఆడనుంచే చెప్పు, నేను పెడతాను.”

సెల్వం గడప ఇవతల నిలబడి చెప్పాడు. అతనికి తెలుగు వచ్చు గానీ మధ్య మధ్య తమిళం దొర్లుతుంది. “అమ్మా, ఆ పచ్చ తలకాయ పట్టుకొని టక్కుమనేదాకా నొక్కండి. అవ్వళవుదాన్, అంతే.” ఆమె టక్కుమనిపించింది. ఆ తర్వాత సెల్వం నిబంధన ప్రకారం వినియోగదారుకు చెప్పవలసిన భద్రతా సూచన చెప్పాడు. “తీగ బయటికి తీస్తే ఆ కొనలోకి చూడకూడదమ్మా. దాన్లోంచి వెలుతురు వస్తుంది. కంటికి కనపడదు.”

“కంటికి కనపడని వెలుతురా?” అంది ఆమె.

“ఆమా అమ్మా.”

ఆమె రెండు చేతులూ జోడించింది. నమస్కారం సెల్వంకు అనుకున్నాం.

లాగిన్ అయింది. భార్గవి సంతోషించింది. మేం వచ్చేశాం.

తర్వాతి శుక్రవారం ఉదయం ఫిర్యాదు వచ్చింది. ఫిర్యాదును మా భాషలో టికెట్ అంటారు. మోడెంలో ఎర్రదీపం కొట్టుకుంటోంది. కాంతి అందడం లేదని దానర్థం. సెల్వం వెళ్లాడు. ఆండాళమ్మ మోడెంనూ తీగనూ హాల్లోకి తెచ్చి ఇచ్చింది. తీగ కొనను ఆల్కహాల్ కాగితంతో తుడవడం టెక్నీషియన్ చేసే మొదటి పని. తుడిచాడు. పవర్ మీటర్ అనే చేతిపరికరంతో కాంతి కొలిచాడు. మైనస్ పంతొమ్మిది. మాకు మైనస్ ఇరవై దరిదాపుల్లో ఉంటే ఆరోగ్యం. ఇరవై ఏడు దాటితే మోడెంకు చూపు ఆనదు. హాల్లో మోడెం పచ్చగా వెలిగింది. ఆండాళమ్మ తీసుకెళ్లి మళ్లీ లోపల పెట్టింది. అక్కడా వెలిగింది. టికెట్ మూసేశారు.

మంగళవారం మళ్లీ పోయింది. మళ్లీ హాలు, మళ్లీ మైనస్ పంతొమ్మిది. ఆ శుక్రవారం మళ్లీ పోయింది. ఈసారి నేను కూడా వెళ్లాను.

“ఎప్పుడు పడితే అప్పుడు పోదండి,” అంది భార్గవి. “మామూలు రోజుల్లో బానే ఉంటుంది. క్లయింట్‌తో ముఖ్యమైన మీటింగ్ ఉన్న రోజే పోతుందండి. దానికి తెలిసిపోతున్నట్టుంది.”

“కన్ను పడిందమ్మా దీనికి,” అంది ఆండాళమ్మ పక్కనుంచి. “ఈ పిల్ల ఇంట్లో కూర్చొని సంపాదిస్తా ఉంటే ఓర్చుకోలేనోళ్లు ఈ వీధిలో చానామంది ఉండారు.”

సెల్వం తుడిచిన కాగితం చూశాను. పసుపుపచ్చగా ఉంది. అంతకుముందు కాగితాలూ అలాగే ఉన్నాయట. కింద పసుపు గిడ్డంగి, ఆ ఇంట్లో కిటికీ ఊచలు, మెట్ల కమ్మీలు సైతం పసుపే. దుమ్మనుకొని సెల్వం హాల్లోని గోడ పెట్టెకు టేపు చుట్టాడు. మా షోళింగనల్లూరు ఆఫీసుకు ఫోన్ చేసి పరిస్థితి చెప్పాను.

“పసుపు గోడౌన్ అంకుల్ అది. డస్ట్ ఉంటది,” అన్నాడు ప్రణీత్. “కస్టమర్ ఆవరణ సమస్య అని రాసి క్లోజ్ చేసేయండి.”

దుమ్మయితే అన్ని రోజులూ పడాలి, శుక్రవారం చూసుకొని పడదు అన్నాను.

“మంగళవారం కూడా పడ్డది కదా అంకుల్?”

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎవరిదో నాకు తెలుసు. నేను టికెట్ మూయనన్నాను. మూయకపోతే నా విభాగం మార్కులు తగ్గుతాయన్నాడు. తగ్గనీ అన్నాను. చివరకు ఆయన కొత్త మోడెం ఇవ్వమని ఆదేశించాడు. నేను వద్దన్నాను. హాల్లో సరిగ్గా పని చేసిన మోడెంను మార్చడమెందుకు? నా మాట చెల్లలేదు. తర్వాతి గురువారం సాయంత్రం ఆఫీసు మూశాక సెల్వం కొత్త మోడెం ఇచ్చి, లాగిన్ పొద్దున చేయిస్తామని చెప్పి వచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే భార్గవి నాకే ఫోన్ చేసింది. “సార్, కొత్తది కూడా ఎర్రగానే ఉందండి. పది గంటలకు మీటింగ్. ఇవాళ కూడా పోతే సోమవారం నుంచి ఆఫీసుకు రమ్మన్నారండి. నేను రాజీనామా రాసి పెట్టుకున్నాను.”

నేనూ సెల్వం తొమ్మిదికల్లా చేరుకున్నాం. హాల్లోంచే పూజగదిలో ఎర్రదీపం కనిపిస్తోంది. ఆండాళమ్మ తెల్లవారుజామునే లేచి ప్రత్యేకంగా పూజ చేసిందట. ఇల్లంతా అగరువత్తుల పొగ.

“కొంజం ఆగు నాయనా, బయటికి తెచ్చిస్తాను,” అని ఆమె లేచింది.

నాకు అప్పుడు ఒక సంగతి తట్టింది. ఇన్నిసార్లు మా వాళ్లు కొలిచిందంతా హాల్లో. చెడుతున్నది పూజగదిలో. చెడిన చోట, చెడిన స్థితిలో ఆ తీగను మాలో ఒక్కడూ చూడలేదు.

“తేవద్దమ్మా. అక్కడే చూస్తాను” అన్నాను.

“తానం చేయకుండా గడప దాటేది లేదని చెప్పినా గదా.”

“అయితే స్నానం చేస్తాను.”

నేను వెనక్కి తగ్గుతానని ఆమె అనుకుంది. ఆ సంగతి ఆమె ముఖంలో కనిపించింది. తగ్గడం నాకు అలవాటు లేదు. పెరటి కొళాయి కింద కూర్చొని తల మీద నుంచి చన్నీళ్లు పోసుకున్నాను. మామగారి పంచె ఒకటి తడిపి ఇచ్చారు. కింద కొట్లోంచి ఆయన గొంతు వినిపించింది: “ఏందీ, కంపెనీ ఆయన మనింట్లో తానం చేస్తా ఉండాడా? ఆ కనెక్షన్‌కి ఇదంతా ఉందా?”

తడిపంచెతో, చేతిలో పవర్ మీటర్‌తో నేను గడప దాటాను. సెల్వం బయటే నిలబడి నేల చూస్తున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని తెలుసు. అతన్ని క్షమించాను, ఎందుకంటే అతను శబ్దం రానివ్వలేదు.

కొత్త మోడెం లక్ష్మీదేవి పటానికీ వెంకటేశ్వరస్వామి పటానికీ మధ్య పీట మీద ఉంది. నాలుగు మూలలా పసుపు, కుంకుమ. పైన కనకాంబరాల దండ. ఆకుపచ్చ తలకాయ పట్టుకొని బయటికి లాగి, కొనను పక్కకు తిప్పి దీపం వెలుగులో చూశాను.

ఆ తెల్లని కొన మీద గంధం. గంధం మీద కుంకుమ. చక్కగా, గుండ్రంగా, మధ్యలో, గాజు ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడ. మీటర్‌కు తగిలించాను. అది అంకె కూడా చూపించలేదు.

“అమ్మా, ఈ కొనకు బొట్టు ఎవరు పెట్టారు?”

“నేనే,” అంది ఆండాళమ్మ గడప దగ్గర నుంచి. “వెలుతురు వచ్చేది దాంట్లోనుంచే అని ఆ అబ్బాయే గదా చెప్పినాడు. దీపానికి పెట్టకుండా చుట్టూ ఉండే డబ్బాకి పెట్టి ఏం లాభం?”

“ప్రతిరోజూ పెడతారా?”

“రోజూ ఎందుకు పెడతాను? శుక్రవారం పెడతాను. ఇంక మా కోడలికి పెద్ద మీటింగ్ ఉందంటే ఆ పొద్దు కూడా పెడతాను.”

“మరి మా వాళ్లు వచ్చినప్పుడు?”

“బొట్టు పెట్టినదాన్ని పరాయివాళ్ల చేతికి ఎట్టా ఇస్తాను? కొంగుతో తుడిచే గదా ఇస్తాను.”

తొమ్మిదిన్నర దాటింది. ముందు తుడవాలి. సెల్వం గడప మీదుగా ఆల్కహాల్ కాగితం అందించాడు. పొట్లం చించగానే ఆండాళమ్మ ముక్కు ఎగరేసింది.

“ఏందిది, సారాయి వాసన?”

అది శుభ్రం చేసే ద్రవం అన్నాను.

“సారాయి కాదని చెప్పు.”

ఒక జాతి ఆల్కహాలే అని చెప్పక తప్పలేదు. నేను అబద్ధం చెప్పను. కాగితం తక్షణం గది దాటాలని ఆమె ఆజ్ఞ. నేను గడపకు లోపల కూర్చొని తీగను బయటికి చాపాను. సెల్వం గడపకు బయట కూర్చొని కొన తుడిచాడు. ఇద్దరి మధ్యా ఆండాళమ్మ నిలబడి ఆ కాగితం గీత దాటకుండా కాపలా కాసింది. మీటర్‌లో మైనస్ పంతొమ్మిది వచ్చింది. టక్కుమని పెట్టాను. దీపం పచ్చబడింది.

లాగిన్ మాత్రం కాలేదు. కారణం ప్రణీత్ ఇప్పించిన కొత్త మోడెం. మా పద్ధతిలో యూజర్ ఐడీని ఒక్క మోడెంకే ముడివేస్తారు, మరొకరు వాడుకోకుండా. మోడెం మారిస్తే ఆఫీసులో ఆ ముడి విప్పాలి. విప్పాలంటే మోడెం అడుగున ఉన్న నంబరునూ, వెలుగుతున్న దీపాలనూ సూపర్‌వైజర్ స్వయంగా వీడియోలో చూపించాలి. ఈ నిబంధన పెట్టింది కూడా ప్రణీతే. పెట్టినప్పుడు నేను అభ్యంతరం తెలిపాను.

సెల్వం నా ఫోన్ అందించాడు. వీడియో కలిసింది. ప్రణీత్ సమావేశపు గదిలో ఉన్నాడు. నేను గోడ మీది పెద్ద తెర మీద కనిపించానని తర్వాత తెలిసింది.

“అంకుల్!” అన్నాడు. “స్విమ్మింగ్‌పూల్‌ల ఉన్నరా?”

“పూజగదిలో ఉన్నాను. ఇది మోడెం నంబరు. ఇవి దీపాలు. ముడి విప్పు.”

“ఆ పూలదండ కొంచెం పక్కకు జరపండి అంకుల్, నంబర్ కనపడతలేదు.”

జరిపాను. తలలోంచి నీళ్లు ఫోన్ మీద పడుతున్నాయి. అక్కడ చాలామంది నవ్వుతున్నారు. ముడి విప్పారు. భార్గవి తన గదిలో లాప్‌టాప్ తెరిచి, మోడెం పేజీలో యూజర్ ఐడీ కొట్టి, పాస్‌వర్డ్ కొట్టింది. మొదటిసారి తప్పు కొట్టింది. రెండోసారి లాగిన్ అయింది. పదికి ఇంకా కాస్త వ్యవధి ఉండగానే ఆమె తలుపు వేసుకుంది. గాలికంతలోంచి ఇంగ్లీషులో ఆమె మాట వినబడసాగింది. ఎక్కడా ఆగలేదు.

ఆండాళమ్మ గడప మీద కూలబడింది. విషయం ఆమెకు అర్థమైంది. కంతలోంచి ఇటు మాట అటు పోతుందని గుసగుసగా అంది: “అంటే నా చేత్తో నేనే దాని ఉద్యోగం తీస్తా ఉన్నానా?”

ఓదార్చడం నా పని కాదు. లోపం మళ్లీ రాకుండా చూడటం నా పని. నేనూ గుసగుసగానే అడిగాను: “మీరు దేవుడికి బొట్టు ఎక్కడ పెడతారమ్మా?”

“నుదుట.”

“కంట్లో పెట్టరు కదా?”

“ఎవరన్నా పెడతారా కంట్లో!”

“ఈ కొన మోడెంకు కన్ను. నుదురు ఇదిగో, ఈ పైమూత. ఎన్ని బొట్లయినా ఇక్కడ పెట్టుకోండి.”

ఆమె మోడెంను చూసింది. తర్వాత నన్ను చూసింది. “ఈ మాట ఆ పొద్దే చెప్పుంటే పొయ్యేది గదా? చూడబాకండి అని చెప్పినారు. తాకబాకండి అని ఎవరన్నా చెప్పినారా?”

ఎవరూ చెప్పలేదు. మా భద్రతా సూచనలో ఆ వాక్యం లేదు.

“కోడలికి చెప్పబాకు నాయనా” అంది లోపలికి వెళ్తూ. కాఫీ తెచ్చి ఇచ్చింది. సెల్వంకు కూడా, గడప బయట.

మీటింగ్ ముగిశాక భార్గవి బయటికి వచ్చింది. కళ్లు మెరుస్తున్నాయి. ఇంటి నుంచే పని చేసుకోమన్నారట. “అసలు ఏమైందండి?” అని అడిగింది. కొన మీద మురికి అన్నాను. అది అబద్ధం కాదు. ఆమె నా తడి పంచెను చూసింది, అత్తగారిని చూసింది, ఇంకేమీ అడగలేదు. బిడ్డను ఎత్తుకుని అత్తగారి పక్కన కూర్చుంది.

టికెట్ మూసేటప్పుడు కారణం రాయాలి. కంప్యూటర్ ఇచ్చిన కారణాల్లో ‘వినియోగదారు తప్పిదం’ ఉంది. ప్రణీత్ అదే పెట్టమన్నాడు. నేను ‘ఇతరములు’ ఎంచుకొని, ‘సంస్థ ఇచ్చే భద్రతా సూచన అసంపూర్ణం’ అని రాశాను.

“మన మీద మనమే రాసుకుంటమా అంకుల్?” అన్నాడు.

“తప్పు మనదైతే రాసుకుంటాం.”

ఆయన దాన్ని ‘దుమ్ము’ అని మార్చాడు. నేను ప్రధాన కార్యాలయానికి రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. కొన్ని నెలలకు సూచనల కార్డులో ‘కొనను తాకరాదు, దానిపై ఏదీ పూయరాదు’ అనే వాక్యం చేరింది. ఎవరి వల్ల చేరిందో కార్డు మీద లేదు.

తడిపంచెతో మీటర్ పట్టుకున్న నా బొమ్మ ఆ మధ్యాహ్నానికే ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద ఎవరెవరు నవ్వు బొమ్మలు పెట్టారో పేర్లతో సహా నాకు గుర్తుంది. వారిలో ఇద్దరు నా వీడ్కోలు సభలో నా క్రమశిక్షణ గురించి మాట్లాడారు.

ఆ ఇంటి నుంచి మళ్లీ టికెట్ రాలేదు. ఈ వృత్తిలోకి వచ్చేవారికి ఆ అనుభవంతో నేను చెప్పగలిగింది ఒక్కటే. కొలత తీయాల్సింది లోపం ఉన్న చోట, మనం నిలబడటానికి వీలైన చోట కాదు. హాల్లో తీసిన కొలతలన్నీ సరైనవే. వాటిలో ఒక్కటి కూడా పూజగదికి సంబంధించినది కాదు. లోపలికి వెళ్లడానికి ఆ ఇంటివాళ్లు పెట్టిన షరతు ఒక చెంబు నీళ్లు. మా సంస్థ దానికి బదులు ఒక కొత్త మోడెం ఖర్చు పెట్టింది.